చీపుర్ల లెక్క ఉంది, ఊడ్చినవాళ్ళ పేరు లేదు

ప్రశ్న:

మాస్టారికి వందనాలు. మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. నాకు యాభై ఏడేళ్ళు. పెద్దగా చదువుకోలేదు. నేను చెబుతుంటే మా చిన్నమ్మాయి రాస్తోంది. మా క్రైస్తవ సంఘంలో పందొమ్మిదేళ్ళుగా ప్రతి శనివారం గుడి ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, జంపకాణాలు దులిపి పరుస్తున్నాను. నెలలో మొదటి ఆదివారం ప్రభుభోజనం అయ్యాక ద్రాక్షరసం ఇచ్చే ఆ చిన్న గ్లాసులు కడగడం కూడా నాదే. వాటిల్లో వేలు దూరదు. చీపురుపుల్లకి గుడ్డపేలిక చుట్టి ఒక్కొక్కటీ తిప్పి తిప్పి కడగాలి. సోమవారం దాకా ఉంచితే అడుగున ద్రాక్షరసం ఎండి పట్టేస్తుంది, అందుకని ఆ పూటే కడిగేస్తాను. ఇంటికెళ్ళి వంట చేసేసరికి మూడవుతుంది.

మొన్న సంఘ వార్షికోత్సవం చేశారు. సేవ చేసినవాళ్ళందరికీ శాలువాలు కప్పారు. వాక్యం చెప్పేవాళ్ళు, పాటలు పాడేవాళ్ళు, కీబోర్డు వాయించే గుంటడు, పెద్దలు, మైకుసెట్టు కొనిచ్చినాయన. నన్ను పిలవలేదు. వాళ్ళు కూర్చున్న కుర్చీలు తుడిచి వేసింది నేనే. రెండ్రోజులాగి ఒక పెద్దాయనతో నవ్వుతూనే అన్నాను, "నాకు లేదేటండి శాలువా" అని. ఆయన కూడా నవ్వుతూనే, "మీరు చేసేది పనమ్మా, సేవంటే వేరు" అన్నారు. అప్పట్నుంచి ఆ మాట గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

పాడేవాళ్ళకేం, గొంతుంటే చాలు. వస్తారు, పాడతారు, పోతారు. తాగిన గ్లాసు కూడా తియ్యరు. మా చిన్నమ్మాయి తెలుగు పాటలు ఒడియా అక్షరాల్లో రాసి సండేస్కూలు గుంటలకి ఇస్తుంది, అదీ ఎవరికీ పట్టదు. ఇప్పుడు నాకు మోకాళ్ళ నొప్పులు. మానేద్దామనిపిస్తోంది. మానేస్తే దేవుడి పని మానేసినట్టా? అసలు నేను చేసింది దేవుడి పనేనా? ఇలా అడగడం సణుగుడు అవుతుందా? శాలువా కోసం ఏడుస్తున్నాననుకోకండి.

(కింద చిన్న అక్షరాలతో) మాస్టారూ, ఇది రాసింది నేను. అమ్మ చెప్పనిది ఒకటి రాస్తున్నాను. ఆ రోజు రాత్రి అమ్మ ఏడిచింది. నా తెలుగులో తప్పులుంటే క్షమించండి, నేను ఒడియా మీడియం.

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ చివరి చిన్న అక్షరాల దగ్గరే ఆగిపోయాను. అందుకని మీకంటే ముందు మీ అమ్మాయితో రెండు మాటలు.

తల్లీ, నువ్వు చేసిన పని ఇంతకుముందు ఒకాయన చేశాడు. పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక, అంటే ఉత్తరం, ఉంది కదా, ఇప్పటికీ పండితులు తలలు పట్టుకుని చదివేది, అది పౌలు చేతిరాత కాదు. ఆయన చెబుతుంటే తెర్తియు అనే అతను రాశాడు. పదహారో అధ్యాయం దాకా కిక్కురుమనకుండా రాసుకుంటూ వచ్చి, ఇరవై రెండో వచనంలో ఆగలేక తన మాట ఒకటి పెట్టేశాడు: "ఈ పత్రిక వ్రాసిన తెర్తియు అను నేను ప్రభువునందు మీకు వందనములు చేయుచున్నాను." పౌలు దాన్ని కొట్టేయలేదు. నీ రెండు లైన్లు నేనూ కొట్టేయలేదు, అచ్చులో పెట్టించాను. తప్పులు మూడున్నాయి. అవి మాత్రం దిద్దాను.

ఇక మీ సంగతి అమ్మా. ఆ అధ్యాయం ఇంకాస్త పైనుంచి చదివించుకోండి. మొదలే ఒక ఆడమనిషి పేరుతో ఉంటుంది. కెంక్రేయలో ఉన్న సంఘ పరిచారకురాలు ఫీబే. ఆ పత్రికను రోమాకి మోసుకెళ్ళింది ఆవిడేనని చాలామంది పండితుల అభిప్రాయం. పరిచారకురాలు అన్న మాట చూడండి. ఇవాళ మన ఇళ్ళల్లో పరిచారిక అంటే అంట్లు తోమే మనిషి. బైబిల్లో అది సంఘం ఇచ్చిన హోదా. అదే మాటలోంచి వచ్చిన "పరిచర్య"ను కరపత్రం మీద పెద్ద అక్షరాలతో వేసుకుంటాం, పక్కన ఫోటో కూడా. ఇంట్లో చేస్తే పని, స్టేజి మీద చేస్తే పరిచర్య! ఆ పెద్దాయన నోటివెంట వచ్చింది ఈ అలవాటే. ఆయన ఒక్కడి తప్పని నేననను. ఆయన మీ మనసు నొప్పించాలని కూడా అని ఉండడు. కానీ ఆ మాట తప్పు. ఎలా తప్పో చెప్తాను, పట్టుగా చెప్తాను, ఎందుకంటే మీరు నలుగురిలో నిలబడి ఈ మాట చెప్పాల్సి రావచ్చు.

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం. యెరూషలేము సంఘంలో రోజూ విధవరాండ్రకు భోజనం పెట్టేవారు. గ్రీకు మాట్లాడేవాళ్ళ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గొడవొచ్చింది. ఆ భోజనం పెట్టడాన్ని మన తెలుగు బైబిలు మొదటి వచనంలో ఏమంటుందంటే, "అనుదిన పరిచర్య". నాలుగో వచనంలో అపొస్తలులు, అంటే ఆ పన్నెండుమంది ముఖ్య శిష్యులు, తాము చేసేదాన్ని "వాక్యపరిచర్య" అంటారు. మూలంలో, గ్రీకులో, రెండుచోట్లా ఒకటే మాట, డయకోనియా. మన సంఘాల్లో డీకను అన్న పదవి ఆ మాటలోంచి వచ్చిందే. అంటే గిన్నె పట్టుకుని వడ్డించినా, గ్రంథం పట్టుకుని బోధించినా ఈ కార్యముల పుస్తకంలో లూకా రాసిన పేరు ఒకటే.

మీ పెద్దాయన బైబిలు తెలిసినవాడైతే ఇక్కడ ఒక వచనం అడ్డం వేస్తారు. "మేము దేవుని వాక్యము బోధించుట మాని ఆహారము పంచిపెట్టుట యుక్తము కాదు" అని అపొస్తలులే అన్నారు కదా, మరి అది తక్కువ పనేగా అంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేవాణ్ణి. తర్వాత వచనం చదవమనండి. ఆ వడ్డించే పనికి ఎలాంటివాళ్ళు కావాలన్నారు? ఖాళీగా ఉన్నవాళ్ళనా, చదువు రానివాళ్ళనా? ఆత్మతోను జ్ఞానముతోను నిండుకొని మంచిపేరు పొందిన ఏడుగురు మనుష్యుల్ని. తర్వాత వాళ్ళ మీద చేతులుంచి ప్రార్థన చేశారు. మన సంఘాల్లో పాస్టరుకి చేసే అభిషేకం వడ్డించేవాళ్ళకి చేశారన్నమాట. మీ మీద ఎవరైనా చేతులుంచి ప్రార్థన చేశారా ఈ పందొమ్మిదేళ్ళలో? నాకు తెలుసు జవాబు.

ఇందులోనే మీ మూడో ప్రశ్నకీ జవాబుంది. సణుగుడు అవుతుందా అన్నారు. ఆ గ్రీకు మాట్లాడేవాళ్ళు "సణుగసాగిరి" అని తెలుగు బైబిల్లో అదే మాట ఉంది. పన్నెండుమంది వాళ్ళని గద్దించలేదు. ఏమయ్యా, ఓర్చుకోలేరా, పరలోకంలో బహుమానం ఉంటుంది కదా అనలేదు. అందర్నీ పిలిచి ఏర్పాటు మార్చారు. ఇంకో ముచ్చట. ఆ ఏడుగురి పేర్లు వరసగా చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నికొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఎవరి గిన్నె ఖాళీగా ఉండిపోయిందో వాళ్ళవైపు వాళ్ళ చేతికే గరిటె ఇచ్చారు. భాష తక్కువైనవాళ్ళ బాధేమిటో మనకి ఒకరు చెప్పాలా? 1936 ఏప్రిల్ 1న ఒడిషా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్ళిన దగ్గర్నుంచీ మనం బడిలో, ఆఫీసులో ఆ వరసలోనే నిలబడ్డాం. అలాంటి మనమే గుడిలోకొచ్చేసరికి ఇంకొకరిని వరస చివర నిలబెడుతున్నాం.

ప్రభుభోజనం గ్లాసుల గురించి మీరు రాసింది చదివాక నాకు మార్కు సువార్త గుర్తొచ్చింది. చివరి రాత్రి భోజనానికి ముందు యేసు ఇద్దరు శిష్యుల్ని పట్టణంలోకి పంపాడు. నీళ్ళకుండ మోసుకుపోతున్న ఒక మనిషి ఎదురవుతాడు, అతని వెంట వెళ్ళండి, ఆ యింటి యజమాని "సామగ్రితో సిద్ధపరచబడిన గొప్ప మేడగది" చూపిస్తాడు అన్నాడు. అప్పటికే సిద్ధపరచి ఉందట ఆ గది! అంటే ఎవరో ముందే ఊడ్చారు. చాపలో తివాచీలో పరిచారు. ఆ కుండలో నీళ్ళు తర్వాత కాళ్ళు కడగడానికి పనికొచ్చాయేమో, అది నా ఊహ, బైబిల్లో లేదు. ఊడ్చినవాళ్ళ పేరూ లేదు. కానీ క్రైస్తవ సంఘం మొట్టమొదటి ప్రభుభోజనం ఎవరో సిద్ధం చేసి పెట్టిన గదిలో జరిగింది, ఇందులో ఊహ ఏమీ లేదు. మీ శనివారం చీపురు ఆ వరసలోది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. నేను గుణుపురంలో మా సంఘానికి పదకొండేళ్ళు సెక్రటరీగా ఉన్నాను. ఏటా నివేదిక రాసేది నేనే. పదవి దిగిపోయినప్పుడు పాత రిజిస్టర్లన్నీ సర్ది కొత్తాయనకి అప్పజెబుతూ తిరగేశాను. ఉజ్జీవ సభలకి ఎవరు వచ్చారు, ఎన్ని ప్రసంగాలు చేశారు, ఏ వాక్యం తీసుకున్నారు, ఎంత కానుక పడింది, అంతా నా చేతిరాతే, ముత్యాల్లా ఉంది. ఖర్చుల పేజీలో ఒక ఏడాది ఇలా ఉంది: చీపుర్లు 4, ఫినాయిలు 2 సీసాలు, మట్టికుండలు 6. చీపుర్లు కొన్నట్టు లెక్క ఉంది. ఊడ్చింది ఎవరో లేదు. ఆ కుండలకి నీళ్ళు పోసింది ఎవరో లేదు. పదకొండు నివేదికలు వెతికాను, ఒక్కదాంట్లోనూ లేదు. నాకు వాళ్ళు తెలుసు. ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. వాళ్ళు పెట్టిన టీ తాగుతూ కూర్చునే ఆ నివేదికలు రాశాను. అప్పటికి పెద్దావిడ లేదు. చిన్నావిడ దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాను. ఆవిడకి నేను ఏ సంగతి మాట్లాడుతున్నానో చాలాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "టీ తాగుతారా మాస్టారూ" అంది.

ఇది నా ఒక్కడి జబ్బు అనుకోకండి. మన చరిత్రలు చెప్పుకునే తీరే అంత. కాకినాడలో కెనడియన్ బాప్టిస్టు మిషను 1874లో మొదలైందని, జాన్ మెక్లారిన్ దొర వచ్చాడని అందరం చెబుతాం. దొర రాకముందే తంతి శాఖలో ఉద్యోగం మానుకుని అక్కడ సువార్త చెప్పుకుంటూ, ఆ దొరని రమ్మని పిలిచిన థామస్ గాబ్రియేల్ పేరు ఎంతమందికి తెలుసు? 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య మన ప్రసంగీకులకి కంఠతా వచ్చు, దానితోపాటు మిషనరీ క్లౌ దొర పేరూ. ఆ రోజు దొర నీళ్ళలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున దిగి, అలిసినప్పుడు మారుతూ అందరికీ ఇచ్చారు. ఆ ఆరుగురి పేర్లు మీ గుడిలో అడిగి చూడండి. బోధకుల గతే ఇలా ఉంటే చీపురు పట్టినవాళ్ళ గతి చెప్పాలా? మగవాళ్ళు గడప దాటలేని ఇళ్ళలోకి నడిచి వెళ్ళి చదివి వినిపించిన బైబిలు స్త్రీలయితే చాలా రిపోర్టుల్లో ఒక అంకె మాత్రమే.

సరే, మీ పక్షాన ఇంత మాట్లాడాను కాబట్టి మీకూ ఒక చివాటు పెట్టే చనువు తీసుకుంటాను. "పాడేవాళ్ళకేం, గొంతుంటే చాలు" అన్నారు. మొదటి కొరింథీ పత్రిక పన్నెండో అధ్యాయంలో పౌలు శరీరం పోలిక చెబుతాడు, అది మీరు వందసార్లు విని ఉంటారు. అందులో రెండు రకాల అవయవాలు మాట్లాడతాయి. ఒకటి పాదం. నేను చెయ్యిని కాదు గనుక శరీరంలోదాన్ని కాను అని ముడుచుకుపోతుంది. రెండోది కన్ను. చేతితో "నీవు నాకక్కరలేదు" అంటుంది. మీ పెద్దాయన కన్నులా మాట్లాడారు, ఒప్పుకున్నాను. మీ ఉత్తరం సగం పాదంలా ఉంది. ఆ పాటల మాట దగ్గర మాత్రం అచ్చం కన్నే. శనివారం ఒక్కరూ గుడిలో ఊడుస్తున్నప్పుడు మీరు ఏదో ఒక కీర్తన పాడుకుంటూనే ఉంటారు, పాడకుండా పందొమ్మిదేళ్ళు ఎవరూ ఊడవలేరు. ఆ కీర్తన ఎవరి గొంతులోంచి నేర్చుకున్నారు? మరి తాగిన గ్లాసు తియ్యకపోవడమంటారా, అది మర్యాద లేకపోవడం. దాన్ని దానిలాగే అడగండి: "బాబూ, గ్లాసు అక్కడ పెట్టు." అంతే. దానికోసం వాళ్ళ పాటని తీసిపారెయ్యకండి.

ఇంకో చిన్న సంగతి, ఇది మీ గ్లాసులకి సంబంధించిందే. ఆ శరీరం పోలిక ఊరికే ఎక్కడో రాలేదు. దానికి ముందు పదకొండో అధ్యాయం రెండో సగమంతా ప్రభుభోజనం గొడవ. కొరింథు సంఘంలో కలిగినవాళ్ళు ముందు కూర్చుని తినేస్తే, లేనివాళ్ళు ఆకలితో మిగిలిపోయేవారు. లేనివాళ్ళని సిగ్గుపరుస్తారా అని పౌలు మండిపడి, ఆ వేడి చల్లారకుండానే అవయవాల మాట ఎత్తుకున్నాడు. అందులోనే అన్నాడు, ఏవి బలహీనంగా కనబడతాయో అవి మరి అవశ్యములే అని. బలహీనమైనవి అనలేదు, "కనబడునో" అన్నాడు. అలా కనబడటం చూసేవాడి కంటిలోని దోషం.

మానేస్తే తప్పా అన్న ప్రశ్న మిగిలింది. మోకాళ్ళ నొప్పికి మానెయ్యండి, ఏ పాపమూ లేదు. దావీదు దగ్గర ఆరువందలమంది ఉండేవారు. శత్రువుల్ని తరుముతూ బెసోరు వాగు దాకా వచ్చేసరికి రెండువందలమందికి కాళ్ళు ఆడలేదు. సామాను దగ్గర ఉండిపోయారు. మిగతా నాలుగువందలమంది గెలిచి దోపుడుసొమ్ముతో తిరిగొచ్చారు. వాళ్ళలో కొందరు, మాతో రానివాళ్ళకి వాటా ఏమిటి, పెళ్ళాం పిల్లల్ని తీసుకుని పొమ్మనండి అన్నారు. దావీదు ఒప్పుకోలేదు. యుద్ధానికి పోయినవాడి భాగమెంతో సామాను దగ్గర నిలిచినవాడి భాగమూ అంతే అని ఇశ్రాయేలుకి చట్టం చేసేశాడు. గమనించండి, ఆ రెండువందలమంది మేం కాపలా ఉంటామని ముందుకొచ్చిన వీరులేమీ కారు. అలిసిపోయి కూలబడినవాళ్ళు. అయినా సమాన వాటా. కాబట్టి రేపట్నుంచి మీరు ఒక్క జంపకాణం దులపకపోయినా మీ పందొమ్మిదేళ్ళలోంచి ఒక్క శనివారం తరగదు.

కానీ ఆ పెద్దాయన మీద కోపంతో, చెప్పాపెట్టకుండా మాత్రం మానకండి. అలా మానేస్తే ఒక ఆదివారం గుడి దుమ్ముగా ఉంటుంది, ఎవరో విసుక్కుంటారు, వచ్చే వారానికి ఇంకో పేదావిడని వెతికి ఆ చీపురు ఆవిడ చేతిలో పెడతారు. మీకు జరిగిందే ఆవిడకీ జరుగుతుంది.

మీ పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్ళండి. ఆదివారం వద్దు, హడావిడిలో తల ఊపి పంపేస్తారు. మధ్యలో ఒక సాయంత్రం, స్త్రీల సమాజంలో మీకు దగ్గరైన ఒకావిడని తోడు తీసుకుని వెళ్ళండి, అమ్మగారు కూడా ఇంట్లో ఉన్నప్పుడు. ఇలా చెప్పండి: "అయ్యగారూ, నా మోకాళ్ళు పనిచెయ్యడం లేదు. వచ్చే నెల నుంచి నెలకి ఒక శనివారం వస్తాను. మిగతావి ఎవరికి ఇస్తారో చెప్పండి, ఎలా చెయ్యాలో నేర్పుతాను. ఇంకొక మాట. నాది పనేగాని సేవ కాదని ఒకరన్నారు. మీరూ అలాగే అనుకుంటున్నారా?" అని ఆగిపోండి. ఆ నిశ్శబ్దాన్ని మీరు పూరించకండి. పాపం ఆయన ఇబ్బంది పడుతున్నారని జాలిపడి, "పోనీలెండి అయ్యగారూ" అనేస్తారు మీరు, నాకు తెలుసు. అనకండి. ఆయన్ని జవాబు చెప్పనివ్వండి.

ఆ మూడు శనివారాలకి కుటుంబాల వారీగా వంతులు వేయమని అడగండి. పేర్లు రాసి గోడకి అంటించమనండి. మగవాళ్ళ పేర్లతో సహా. ఇంట్లో చీపురు ముట్టనివాడు గుడిలో ముడితే ఆ వారం ప్రసంగం అక్కర్లేదు. పాటల బృందానికి గ్లాసుల వంతు ఇప్పించండి, ఆ కీబోర్డు గుంటడికి చీపురుపుల్ల విద్య మీరే నేర్పండి. అన్నట్టు, పిల్లల పాలసీసా పీకలు కడిగే సన్న బ్రష్షులు మందులషాపులో దొరుకుతాయి, ఆ పేలిక కన్నా నయం. ఆరాధన అవగానే గ్లాసులన్నీ బకెట్టు నీళ్ళలో వేసేస్తే ఎండి పట్టడం కూడా ఉండదు. తడిగుడ్డకి కర్ర ఉన్న మాపు కొనిపించండి. మైకుసెట్టు కొన్న సంఘం మాపు కొనలేదా? మోకాళ్ళు మాత్రం డాక్టరుకి చూపించుకోండి, నూనె మర్దనా చేసుకుంటూ ఏళ్ళు గడపకండి.

ఒకవేళ వంతులకి ఎవరూ ముందుకు రాకపోతే, మనిషిని పెట్టి జీతం ఇవ్వమనండి. అది మీరే అయితే మీరే తీసుకోండి, సిగ్గుపడకండి. డబ్బు తీసుకుంటే సేవ కాదని ఎవరైనా అంటే, అయ్యగారికి జీతమిస్తున్నాం కదా, ఆయనది సేవ కాకుండా పోయిందా అని అడగండి. ఈ మాట గట్టిగానే చెప్తున్నాను, ఎందుకంటే మన సంఘాల్లో సేవ అన్న మాటని ఊరికే పని చేయించుకోవడానికి వాడటం నేను కళ్ళారా చూశాను. అదీ ఎక్కువగా ఆడవాళ్ళ చేత, అందులోనూ లేనివాళ్ళ చేత. పొగడాల్సివచ్చినప్పుడు అది పని, కూలి ఇవ్వాల్సివచ్చినప్పుడు సేవ. రెండు నాల్కలూ ఒకే నోట్లో ఉండకూడదు.

శాలువా సంగతి. దానికోసం ఏడవడం లేదన్నారు, మీ అమ్మాయి ఏడ్చారని రాసింది. ఏడిస్తే ఏం? పేరు పిలిస్తే బాగుండునని అనిపించడం పాపం కాదు. రోమా పత్రిక ఆఖరు అధ్యాయంలో పౌలు రెండు డజన్లకు పైగా మనుషుల్ని పేరుపేరునా తలుచుకున్నాడు. పేరు రాయకపోయినా అందులో రూఫు వాళ్ళమ్మ కూడా ఉంది. ఆవిడ నాకూ తల్లే అంటాడు. ఆ తల్లి ఏం చేసిందో రాయలేదు. ఒక పూట భోజనం పెట్టిందో, జ్వరమొస్తే పక్కన కూర్చుందో. పేరుపెట్టి తలుచుకోవడం సంఘం బాధ్యత, అది జరగలేదు, అందుకే నొప్పి. నా మట్టుకు నాకు శాలువాలంటే పెద్ద గౌరవం లేదు. మన ఎండల్లో అది కప్పుకునేదెవరు? నాకిచ్చినవి మూడు ట్రంకుపెట్టెలో ఉన్నాయి, చిమ్మెట్లు కొడుతున్నాయి. అయినా పంచినప్పుడు అందరికీ పంచాలి, లేదా ఎవరికీ వద్దు.

చివరగా ఆ పాటల నోటుబుక్కు. దాని గురించి మీరు ఒక్క లైనులో చెప్పి వదిలేశారు గానీ ఉత్తరంలో నన్ను నిద్రపోనివ్వనిది అదే. తెలుగు కీర్తన నోటికొచ్చు, తెలుగు అక్షరం రాదు, ఇది ఇవాళ మన పిల్లలందరి కథ. పెద్దలం కూర్చుని పిల్లలు తెలుగు ఆరాధనకి రావడం లేదని తీర్మానాలు చేస్తాం. మీ అమ్మాయి తీర్మానం చెయ్యలేదు, పెన్ను తీసి రాసింది. మీ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తిగారు సవర గిరిజనుల్ని ఇంట్లో పెట్టుకుని వాళ్ళ భాష నేర్చుకుని, సవర మాటని తెలుగు అక్షరాల్లోకి ఎత్తి వాళ్ళ పిల్లలకి వాచకాలు రాశారు. ఒకరి మాట ఇంకొకరి అక్షరంలో పెట్టడం మీ ఊరికి కొత్త విద్యేమీ కాదు.

తల్లీ, ఇది మళ్ళీ నీకే. ఆ నోటుబుక్కు జిరాక్సు తీయించి నాకు పంపు. ఖర్చు నేనిస్తాను. గుణుపురం బండిలో మీ ఊరునుంచి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, వాళ్ళ చేతికిచ్చినా సరే. ఇక్కడి సండేస్కూల్లో అలాంటి పిల్లలు చాలామంది ఉన్నారు. తెలుగులో "ళ" ఉన్నచోట, "ఱ" ఉన్నచోట ఒడియాలో ఏం రాశావో చూడాలని కూడా ఉంది. పంపేముందు మొదటి పేజీలో రాసినవాళ్ళ పేరు రాయి. దాని కింద ఇంకో లైనులో, ఈ పాటలు నీకు నోటికి నేర్పింది మీ అమ్మే అయ్యుంటుంది, ఆవిడ పేరు కూడా రాయి.